సీఆర్‌పీ అంకె పక్కన కొలమానం కూడా చదవాలి

సంపాదకులకు నమస్కారం.

కొవిడ్ తీవ్రమైనప్పుడు శరీరంలో ఇన్‌ఫ్లమేషన్ (రోగంతో పోరాడేటప్పుడు లోపల వచ్చే వాపు) ఎంత ఉందో తెలుసుకోవడానికి చేయించే సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్, ఐఎల్-6 అనే రక్తపరీక్షల గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను చెన్నైలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి ఇక్కడికి వైద్యానికి వచ్చే మన తెలుగు కుటుంబాలు ఊళ్లో ఇచ్చిన రిపోర్టునూ ఇక్కడి రిపోర్టునూ పక్కపక్కన పెట్టుకుని అంకెలు పోల్చుకుంటాయి. చిక్కంతా అక్కడే వస్తోంది.

2021లో రెండో ఉద్ధృతి సమయంలో, సూళ్లూరుపేట నుంచి తండ్రిని అంబులెన్సులో తీసుకొచ్చిన ఒక యువకుడు మా కౌంటరు దగ్గర రెండు కాగితాలు పట్టుకుని వణికిపోయాడు. ఊరి రిపోర్టులో సీఆర్‌పీ 9.6 ఉంటే, మర్నాడు మా రిపోర్టులో 84 వచ్చింది. నిజానికి మొదటి అంకె డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లోనూ, రెండోది లీటరుకు మిల్లీగ్రాముల్లోనూ ఇచ్చినవి. లీటరు లెక్కలో చూస్తే 9.6 అంటే 96 కాబట్టి, ఆ పెద్దాయనకు సీఆర్‌పీ పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది. ఆ సంగతి చెప్పేవరకు ఆ అబ్బాయి కుర్చీలో కూర్చోలేకపోయాడు.

ఇదే పొరపాటు అటునుంచి జరిగితే మరీ ప్రమాదం. కొవిడ్ మందులు ఎంతవరకు పనిచేస్తాయో తేల్చడానికి బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో, రక్తంలో ఆక్సిజన్ తగ్గి, సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్నవారికే ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే టోసిలిజుమాబ్ అనే మందు ఇచ్చి చూశారు. డెసిలీటరు లెక్కలో అది 7.5 మాత్రమే. కొలమానం చూడనివారికి 7.5 అంటే దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. డి-డైమర్ సంగతి ఇంకా గజిబిజి: దాన్ని ఎఫ్‌ఈయూ, డీడీయూ అనే రెండు రకాల కొలమానాల్లో ఇస్తారు; అదే రక్తానికి ఎఫ్‌ఈయూ లెక్కలో వచ్చే అంకె, డీడీయూ లెక్కలో వచ్చేదానికి సుమారు రెట్టింపు ఉంటుంది.

కొలమానం సరిగా చదివినా, ఒక్క అంకెను బట్టి మందు మొదలుపెట్టకూడదు. వ్యాధినిరోధక కణాలు విడుదల చేసే ఐఎల్-6 అనే ప్రొటీన్ ప్రేరణతో కాలేయం సీఆర్‌పీని తయారుచేస్తుంది. గడ్డకట్టిన రక్తం కరిగేటప్పుడు మిగిలే ముక్కే డి-డైమర్. బ్యాక్టీరియా న్యుమోనియా వచ్చినా సీఆర్‌పీ పెరుగుతుంది, గర్భిణుల్లోనూ శస్త్రచికిత్స అయినవారిలోనూ డి-డైమర్ పెరుగుతుంది. అందుకే వీటిని ఆక్సిజన్ శాతంతో, రోగి పరిస్థితితో, ముందు రోజుల అంకెలతో కలిపి చూడాలి. 2020 జూన్‌లో వెల్లడైన రికవరీ ఫలితాల ప్రకారం, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్‌పై ఉన్నవారిలో ఐదో వంతు తగ్గాయి గానీ, ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనిపించలేదు. అయినా 2021లో సీఆర్‌పీ రిపోర్టు ఒక్కటి చూసుకుని ఇంట్లోనే స్టెరాయిడ్లు మింగినవారు ఎందరో ఉన్నారు. స్వల్ప లక్షణాలున్నవారు ఈ పరీక్షల వెంట పడవద్దని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఆ ఏడాది మే నెలలోనే హెచ్చరించారు. మధుమేహం అదుపు తప్పినవారిని స్టెరాయిడ్ల తర్వాత బ్లాక్ ఫంగస్ ఎలా పట్టి పీడించిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

మరొక విషయం చాలా కుటుంబాలకు ఎవరూ చెప్పరు. టోసిలిజుమాబ్ ఐఎల్-6 పనిని అడ్డుకుంటుంది కాబట్టి, ఆ ఇంజెక్షన్ తర్వాత సీఆర్‌పీ దానంతటదే పడిపోతుంది. లోపల కొత్తగా బ్యాక్టీరియా సోకినా అది పెరగకపోవచ్చు. అలాంటప్పుడు తగ్గిన అంకెను చూసి రోగిని ఇంటికి తీసుకెళ్తామని పట్టుబట్టడం మంచిది కాదు.

కొవిడ్ ఉద్ధృతి తగ్గినా ఈ పరీక్షలు ఇప్పుడు ప్రతి జ్వరానికీ రాస్తున్నారు, కాబట్టి ఈ గందరగోళం పాతబడిపోలేదు. చెన్నైలోనూ నెల్లూరు, తిరుపతి జిల్లాల్లోనూ ఉన్న ల్యాబ్‌లు కొలమానాన్ని అంకెతో సమానమైన అక్షరాల్లో అచ్చువేయాలి; రోగి పాత రిపోర్టు తెస్తే, రెండు అంకెలనూ ఒకే కొలమానంలోకి మార్చి చెప్పే బాధ్యత కౌంటరులో ఉన్నవారు తీసుకోవాలి. సీఆర్‌పీ, డి-డైమర్ కొలమానాలను ఎలా మార్చుకోవాలో చూపే చిన్న పట్టికను మీ ఆరోగ్య పుటలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై