ఈస్టర్ సెలవులకు రావడం లేదమ్మా

లీడ్స్,
28 మార్చి 2026, శనివారం రాత్రి

అమ్మకు, నాన్నకు నమస్కారాలు.

నిన్న ఫోను పెట్టేసింది నేనే. కోపంతో కాదు. చెల్లి సుధ సీమంతానికి రాలేమనగానే నువ్వు ఏడవడం మొదలుపెట్టాక నా నోట మాట రాలేదు. ఇవతల అక్క గోక్కుంటోందని బుజ్జిగాడు కేకలు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఫోటోలు తీసి నాన్న వాట్సాప్‌కు పంపుతాను. నాన్నా, కళ్లజోడు పెట్టుకుని అమ్మకు చదివి వినిపించండి. మధ్యలో మీ వ్యాఖ్యానం వద్దు.

ముందు చిన్ని సంగతి. జ్వరం పోయి మూడు రోజులైంది. సోమవారం పొద్దున బడికి జడ వేస్తుంటే మెడ మీద మూడు నీటి పొక్కులు కనిపించాయి. చీమలు కుట్టాయనుకున్నాను. ఈ చలిలో చీమలెక్కడివి? సాయంత్రానికి పొట్ట, వీపు, తల, చివరికి ఒక కనురెప్ప మీద కూడా. ఆటలమ్మే. పొట్ట మీదివి అదే అద్దం ముందు నిలబడి లెక్కపెట్టుకుంది. "43 అని అమ్మమ్మకు చెప్పు" అంది, పరీక్షలో మార్కులు వచ్చినట్టు. ఇప్పుడు దాదాపు అన్నీ పక్కులు కట్టాయి. రెండు రోజులుగా కొత్తవి లేవు. నిన్న పెరుగన్నం మళ్లీ అడిగి పెట్టించుకుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదని నాన్నకు కోపం. ఈ జబ్బుకు ఇక్కడ ఆస్పత్రికి రావద్దంటారు నాన్నా. బయట బెంచీల మీద కూర్చునేవాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు, పసిబిడ్డల తల్లులు ఉంటారు కదా. ఫోనులోనే అన్నీ అడిగి చెప్పారు. జ్వరానికి పారాసిటమాల్, దురదకు కాలమైన్, గోళ్లు బాగా కత్తిరించడం. ఇబుప్రొఫెన్ మాత్రం ఇవ్వవద్దన్నారు. దానివల్ల పొక్కుల దగ్గర చర్మం చీము పట్టి ముదిరే ప్రమాదం ఉందట. అన్ని పక్కులూ కట్టేదాకా బడికి పంపకూడదు. మామూలుగా అయిదు రోజులు పడుతుంది.

మన పద్ధతులు వదిలేశానని మాత్రం అనుకోవద్దు. సోమవారం నుంచి ఇంట్లో తాలింపు లేదు. ఆయన చప్పిడి పప్పు నోరు మెదపకుండా తింటున్నారు, పాపం. వేపమండలు ఇక్కడ ఎక్కడ తేను? మన సరుకుల దుకాణంలో కరివేపాకు ఉంది కానీ వేపాకు లేదు. పోయినేడు నువ్వు హార్లిక్స్ సీసాలో పోసి పంపిన వేపపువ్వు ఉగాది పచ్చడికి పోను పిడికెడు మిగిలితే, దాన్నే పసుపుతో కాచి స్నానం నీళ్లలో కలిపాను. పక్కింటి ముసలావిడ పాత మేజోడులో ఓట్స్ పోసి మూతి కట్టి నీళ్లలో పిండమంది, ఇక్కడివాళ్ల చిట్కా. అదీ చేశాను. తొట్టిలో ఒక పక్క మేజోడు, ఇంకో పక్క తేలుతున్న వేపపువ్వు, నడుమ చిన్ని. అమ్మవారికి ఏది నచ్చిందో కానీ ఆ రాత్రి పిల్ల నిద్రపోయింది.

పరాభవ నామ సంవత్సరమని పంచాంగం వింటున్నప్పుడే నాన్న నవ్వారు గుర్తుందా. నాలుగు రోజులైనా ఆగలేదు.

ఉద్యోగం బాగానే ఉంది. రెండు రోజులు సెలవు పెట్టాను, మిగతా రోజులు ఇంటి నుంచే.

టీకా వేయించలేదా అని సుధ అడిగింది. వేయించలేదు. ఈ దేశంలో ఆటలమ్మ టీకాను పిల్లల జాబితాలో చేర్చింది ఈ ఏడాది జనవరిలోనే. చిన్ని వయసు దాటిపోయింది, బుజ్జిగాడి వంతు ఇంకా రాలేదు. అంతకుముందు కూడా డబ్బు కట్టి బయట వేయించుకునే వీలుంది. ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ వాయిదా వేశాం. ఇక్కడ ప్రతి పిల్లకూ వస్తుందిలే, పోతుందిలే అనుకున్నాం. తప్పు మాదే. నువ్వు మళ్లీ అననక్కర్లేదు.

ఇక ప్రయాణం.

నువ్వు అన్న మాట నిజమే. గురువారానికి చిన్ని పక్కులు పూర్తిగా ఎండుతాయి. డాక్టరు చేత కాగితం రాయించుకుంటే విమానం వాళ్లూ ఎక్కనిస్తారు. దాని గురించి అయితే నేనూ ఆలోచించేదాన్ని కాదు. అసలు చిక్కు బుజ్జిగాడితో. వాడికి ఇంకా ఏమీ లేదు. అదే భయం. ఇద్దరూ ఒకే కంచంలో తింటారు, ఒకే దుప్పటి లాక్కుంటారు. ఇది అంటుకున్నాక బయటపడటానికి పది రోజుల నుంచి ఇరవై ఒక్క రోజుల దాకా పడుతుంది. లెక్క వేస్తే ఒకటో తేదీకీ పదమూడో తేదీకీ మధ్య ఎప్పుడైనా వాడికి పోయవచ్చు. మేం బయలుదేరేది రెండున, సీమంతం ఆరున. పైగా పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది. అంటే నవ్వుతూ తుళ్లుతూ ఉన్న పిల్లాణ్ని సుధ ఒళ్లో కూర్చోబెడతాం. రెండు రోజుల తర్వాత తెలుస్తుంది.

వాడికి ఆ టీకా అయినా ఇప్పుడు వేయించవచ్చా అని అడిగాను. అంటు తగిలిన మూడు నుంచి అయిదు రోజుల్లోపు అయితే కొంత ఉపయోగం ఉంటుందట. నేను అడిగేసరికి ఆ గడువు దాటింది. రోజూ పొద్దున కిటికీ దగ్గర నిలబెట్టి వాడి చొక్కా ఎత్తి పొట్ట, వీపు, చెవుల వెనక వెతుకుతున్నాను. నిన్న ఎడమ చెవి కింద ఎర్రటి చుక్క కనిపించి కాళ్లు చల్లబడ్డాయి. తడిగుడ్డతో తుడిస్తే పోయింది. బీట్‌రూట్ కూర.

"పొడుగు చేతుల చొక్కా వేసి తీసుకురా, విమానంలో ఎవరికి తెలుస్తుంది" అన్నావు. ఆ మాటకే నాకు కోపం వచ్చింది. ఎందుకో ఫోనులో చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

పోయిన శనివారం ఇక్కడ తెలుగువాళ్లందరం హాలు తీసుకుని ఉగాది చేసుకున్నాం. చిన్నికి అప్పటికి ఏమీ లేదు, పరికిణీ వేసుకుని ఆ చివర నుంచి ఈ చివరకు పరుగులు. నెల్లూరు అమ్మాయి ఒకామె, అయిదో నెల, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒబ్బట్టు తినిపించింది. సోమవారం సాయంత్రం పొక్కులు చూశాక నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఒడి. రాత్రి తొమ్మిదికి ఫోను చేశాను. నేను చెప్పడం అయిపోయాక అవతల కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. తర్వాత, "నాకు చిన్నప్పుడు వచ్చిందో లేదో తెలియదక్కా, మా అమ్మ లేదు అడగడానికి" అంది. మర్నాడు రక్తం ఇచ్చింది. బుధవారం సాయంత్రం ఫలితం వచ్చింది, ఆమె ఒంట్లో నిరోధక శక్తి ఉందట, ఏమీ ఫర్వాలేదట. ఆమే ఫోను చేసి నన్ను ఓదార్చింది. మంగళవారం నేను ఎలా గడిపానో ఆయనకు తెలుసు. తెలియక చేసినదానికే అలా ఉంటే, తెలిసి విమానం ఎలా ఎక్కను అమ్మా? పక్క సీటులో ఎవరుంటారో.

సుధకు ఆటలమ్మ రాలేదు. దీనికి సాక్షివి నువ్వే. 1999 ఎండాకాలంలో నాకు పోసినప్పుడు నువ్వేం చేశావు? ఆ సాయంత్రమే దాన్ని మామయ్యతో చిత్తూరు బస్సు ఎక్కించావు. కిటికీ కడ్డీలు పట్టుకుని అది ఏడ్చిన ఏడుపు నాన్న ఇప్పటికీ చెబుతారు. నాకు మూడో నీళ్లు పోసి, గంగమ్మకు పొంగలి పెట్టి, ఇల్లు కడిగేదాకా దాన్ని తీసుకురాలేదు. అమ్మమ్మ ఇంట్లో నెల రోజులు మామిడిపళ్లు తిని బొద్దుగా తిరిగొచ్చింది. నేను పక్షిలా ఉన్నాను. ఎవరైనా ఎండన పడి వస్తే కాళ్లు కడుక్కోనిదే గడప దాటనిచ్చేదానివి కాదు, సొంత పిన్నిని కూడా. ఇప్పుడేమో పొడుగు చేతుల చొక్కా అంటున్నావు. సీమంతం ముచ్చట నీ చేత అలా అనిపిస్తోందని తెలుసులే.

అందుకని సుధను సోమవారమే తన డాక్టరమ్మను అడగమను. వరిసెల్లా జోస్టర్ ఐజీజీ అని రక్తపరీక్ష ఉంటుంది, నెల్లూరు అమ్మాయికి చేసిందీ అదే. కడుపుతో ఉండగా ఈ టీకా వేయరు, కాబట్టి కాన్పు అయ్యాక సంగతి అప్పుడే. పెద్దవాళ్లకు వస్తే పిల్లలకు వచ్చినట్టు తేలిగ్గా పోదు, ఊపిరితిత్తులకు పట్టే ప్రమాదం ఉంది. కాన్పు సమయానికి తల్లికి ఉంటే పసిబిడ్డకు ప్రాణం మీదికి రావచ్చు. దాన్ని భయపెట్టవద్దు. పరీక్ష చేయించుకోమని మాత్రం చెప్పు. నాన్నకు ఏ భయమూ లేదు. రెండేళ్ల కిందట నడుము చుట్టూ వచ్చిన సర్పి కూడా ఈ పురుగేనట. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మే ఇన్నాళ్లూ నరాల్లో దాక్కుని మళ్లీ లేచింది.

నన్నొక్కదాన్నీ వెళ్లి రమ్మన్నారు ఆయన. రెండు రాత్రులు అదే ఆలోచన. నాకు ఒకసారి వచ్చిపోయింది, నా వల్ల సుధకు ప్రమాదం లేదు. పెట్టె కూడా కిందికి దించాను. కానీ ఆయనకు చిన్నప్పుడు వచ్చిందో లేదో అత్తయ్యకు గుర్తులేదు. ఒకసారి వచ్చిందంటారు, ఇంకోసారి అది మా మరిదికంటారు. బుజ్జిగాడికి జ్వరం వస్తే నా చేత్తో తప్ప మందు మింగడు. ఇద్దరూ ఒకేసారి పడకేస్తే చిన్ని వంట చేస్తుందా? పెట్టె మళ్లీ పైకి ఎక్కించాను. ఆ చప్పుడుకు ఆయన లేచి చూసి, ఏమీ అడగకుండా దీపం ఆర్పారు.

మొక్కు సంగతి. జనవరిలో ఎంతో తిప్పలు పడి తీసుకున్న 300 రూపాయల దర్శనం టికెట్లు పోయినట్టే. వాటికి డబ్బు వెనక్కి రాదు. మీ ఇద్దరివీ ఉన్నాయి కదా, మీరు వెళ్లి రండి. వైకుంఠం కంపార్ట్‌మెంటులో ఆ జనం మధ్య, ఏ క్షణాన పోస్తుందో తెలియని పిల్లాణ్ని ఎత్తుకుని గంటల తరబడి ఎలా కూర్చోను? ఆటలమ్మ తలలో కూడా వస్తుంది. కల్యాణకట్టలో కత్తి పెట్టేవేళకు లోపల ఒక్క పొక్కు ఉంటే? వాడికి మూడేళ్లు నిండేది ఆగస్టులో. జూలై చివర వస్తే మూడో ఏట పుట్టువెంట్రుకలు తీసినట్టే అవుతుంది, మొక్కు తప్పదు. ఏడుకొండలవాడు అప్పులవాడే కదా, నాలుగు నెలలు ఆగడం ఆయనకు తెలుసు.

మే నెలలో రావచ్చు కదా అంటావు. అప్పుడు సెలవులు వారమే. బడి ఉన్న రోజుల్లో అనుమతి లేకుండా పిల్లను తీసుకెళ్తే తల్లికి 80 పౌండ్లు, తండ్రికి 80 పౌండ్లు జరిమానా, మూడు వారాల్లో కడితే. ఆలస్యమైతే రెట్టింపు. టికెట్ల తేదీ మార్చడానికి ఎలాగూ మనిషికి 90 పౌండ్లు పోయాయి. ఆ లెక్క నాన్నకు విడిగా చెబుతాను, నువ్వు రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దు.

సుధ అత్తగారి వాళ్లు ఏమనుకుంటారో అన్నావు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇంట్లో అమ్మవారు ఉంది, పెద్దమ్మాయి గడప దాటకూడదు అను. చాటింపు పడ్డాక తిరుపతి వాళ్లు పొలిమేర దాటకూడదని, బయటివాళ్లు ఊళ్లో నిద్ర చేయకూడదని నాయనమ్మ చెప్పేది కదా. వాళ్లూ తిరుపతి వాళ్లే. అర్థమవుతుంది. అర్థం కాకపోతే నాతో మాట్లాడమను.

సుధకు గాజులు మొదట నేనే తొడగాలనుకున్నాను. నా బదులు పిన్నిని తొడగమను. గాంధీ రోడ్డులో మనం ఎప్పుడూ తీసుకునే చోటే తీసుకో. ఆకుపచ్చవి రెండు డజన్లు, ఎర్రవి ఒక డజను. దాని చేతులు ఇప్పుడు కాస్త నీరు పట్టి ఉన్నాయేమో, పాత కొలత చెప్పకుండా దాన్నే తీసుకెళ్లి వేయించి చూడు. చీర నేను పంపిన డబ్బుతోనే కొనాలి. అది వంకాయ రంగు అడుగుతుంది, నువ్వు మళ్లీ అరటాకు రంగు కొనవద్దు. ఆ రోజు ఫోను ఎక్కడో గోడకు ఆనించి పెడితే చాలు, నేను చూస్తూ ఉంటాను. నన్ను చూపించమని ఎవరినీ అడగవద్దు, ఏడుపు ముఖంతో ఉంటాను.

ఈ రాత్రి ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. రేపటి నుంచి మీకూ మాకూ తేడా నాలుగున్నర గంటలే. నువ్వు సాయంత్రం దీపం పెట్టే వేళకు నేను మధ్యాహ్నం భోజనానికి లేస్తాను. అప్పుడు చేయి.

మే నెల జాతరలో చిన్ని పేరు మీద అంబలి పోయించు. బుజ్జిగాడి పేరు మీద కూడా.

వేపపువ్వు అయిపోయింది. ఇప్పుడు పూత మీద ఉంటుంది కదా, ఎక్కువ రాల్చి నీడన ఎండబెట్టి ఉంచు. పెద్ద సీసాలో పోయి.

నీ
పెద్దమ్మాయి