క్రిస్మస్ పిల్లలు మేలుకుని ఉన్నప్పుడే చేసుకుందాం

ఎడిటర్ గారికి నమస్కారం,

డిసెంబర్ వచ్చిందంటే మన పేపర్ల సిటీ పేజీల్లో ఏ ఫోటోలు వస్తాయో చూడకుండానే చెప్పేయొచ్చు. స్టార్ హోటల్లో తెల్ల టోపీలు పెట్టుకుని కేక్ మిక్సింగ్, మాల్‌లో ఆకాశమంత చెట్టు, ఎల్బీ స్టేడియంలో సర్కారు విందు, గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ చర్చికి లైట్లు. అవన్నీ వెయ్యండి, నేనేం వద్దనను, నాకూ చూడ్డం ఇష్టమే. కానీ ఇంట్లో చిన్నపిల్లల్ని పెట్టుకుని పండగ ఎలా చేసుకుంటారో ఒక్క ముక్క ఎవరూ రాయరు, అందుకే నేనే రాస్తున్నా. పెద్దదైతే మీరే కత్తిరించుకోండి, క్యారల్స్ గురించి, అంటే ఇంటింటికీ తిరిగి పాడే క్రిస్మస్ పాటల గురించి రాసింది మాత్రం కట్ చెయ్యకండి ప్లీజ్.

మేముండేది అల్వాల్ వైపు. పాప యూకేజీ, బాబుకి ఇప్పుడే ఏడాది దాటింది. నేను ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో నర్సుని. అత్తమ్మది మెదక్ దగ్గర పల్లె, ఆమె లెక్కలో క్రిస్మస్ అంటే తెల్లవారుజామున చలిలో వణుక్కుంటూ మెదక్ చర్చికి పోయి మొదటి ఆరాధనలో కూర్చోవడమే, మిగతావన్నీ ఉత్తుత్తివే. ఆ చర్చి తెరిచిందే 1924 డిసెంబర్ 25న, కరువు రోజుల్లో జనానికి పని దొరకాలి, నాలుగు మెతుకులు దొరకాలి అని మిషనరీ పాస్నెట్ దొర కట్టించాడంట, ఇది ప్రతి ఏడాదీ చెప్తుంది. ఏసయ్య పుట్టుక బొమ్మ ఉన్న రంగుటద్దం మీద బయట ఎండ పడితే ఎట్ల మెరుస్తదో కూడా చెప్తుంది. నాకూ పోవాలనే ఉంటది, కానీ ఒళ్ళో పాలు తాగే పిల్లాడు, దాదాపు ఎనభై తొంభై కిలోమీటర్లు, అక్కడ ఆ రోజు ఇసకేస్తే రాలనంత జనం, డైపర్ మార్చడానికి కూడా చోటు దొరకదు. కాబట్టి వీళ్ళు కొంచెం పెద్దయ్యేదాకా మా క్రిస్మస్ ఇంట్లోనే.

ఇంట్లోనే అంటే తేలిక అనుకునేరు. అసలు ఇంట్లో ఉండనిస్తే కదా. పండక్కి ముందే చేసుకునే సెమీ క్రిస్మస్‌లు ఉంటాయి కదా, స్కూల్లో ఒకటి, మా ఆయన ఆఫీసులో ఒకటి, సండే స్కూల్‌ది ఒకటి, స్త్రీల కూడికది ఒకటి, అపార్ట్‌మెంట్ వాళ్ళది ఒకటి. పోయిన ఏడు మా పాప అన్నింట్లోనూ ఏంజెలే, అట్టముక్కకి దూది అంటించిన రెక్కలు, ఒకదాని తర్వాత ఒకటి ఊడుతూనే ఉన్నాయి, నేను ఫెవికాల్ పెడుతూనే ఉన్నా. తీరా అసలు పండగ నాటికి పిల్లకి గొంతు పోయి జ్వరం. సెమీ క్రిస్మస్సే ఇన్నిసార్లు చేసుకుంటే ఇక ఫుల్ క్రిస్మస్‌కి ఓపిక ఎక్కడుంటుంది చెప్పండి. ఈసారి ఒక్క సండే స్కూల్ ప్రోగ్రామ్‌కే పంపిస్తాం అని చెప్పేశాం, ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు, ముడుచుకోనీ.

ఇంకో సంగతి, సర్కారు క్యాలెండర్‌లో 25, 26 రెండు రోజులూ సెలవే కానీ పేషెంట్లకి సెలవు ఉండదు కదా, నాకు 25న మార్నింగ్ డ్యూటీ పడితే పడినట్టే. మొదట్లో తెగ బాధపడేదాన్ని. తర్వాత ఆలోచిస్తే బైబిల్‌లో ఎక్కడా తారీఖు లేదు, రష్యాలో ఇథియోపియాలో క్రైస్తవులు జనవరి 7న చేసుకుంటారు, వాళ్ళ ఏసయ్య వేరు కాదుగా. అందుకని మా ఇంట్లో అందరం కలిసి కూర్చోగలిగే పూటే పండగ, 24 సాయంత్రమైనా సరే 26 పొద్దున్నైనా సరే. అత్తమ్మకి ఇది అస్సలు నచ్చలేదు, ఇప్పటికీ 25 పొద్దున ఆమె తలంటు పోసుకుని కొత్తచీర కట్టుకుని రెడీగా కూర్చుంటుంది, నేను డ్యూటీకి పోయేముందు ఒక చిన్న ప్రార్థన చేసుకుని బయల్దేరతా.

ఏసయ్య పుట్టిన పశువులపాకని బొమ్మలతో పెట్టడం దగ్గర మాత్రం అందరం ఒక్కటే. బ్రౌన్ పేపర్ నలిపి కొండలాగా నిలబెట్టి, ముందు ఒక పళ్ళెంలో మట్టి పోసి గోధుమలు చల్లితే వారం పది రోజుల్లో పచ్చగా లేచి నిలబడతాయి, పొద్దున లేవగానే పాప స్కేలు తెచ్చి కొలుస్తది. బేగంబజార్‌లో పింగాణీ బొమ్మల సెట్లు చాలా బాగుంటాయి కానీ బాబు కనబడ్డదల్లా నోట్లో పెట్టుకునే వయసు, అందుకే పాత సాక్సుల్లో గుడ్డ కుక్కి మరియమ్మని, యోసేపుని, గొర్రెల్ని అత్తమ్మే కుట్టింది. గొర్రెలు కొంచెం పందుల్లాగా వచ్చాయి. పాప వాటి పక్కన తన ఆర్టీసీ బస్సు బొమ్మ తెచ్చి పెట్టింది, ఏసయ్యని చూడ్డానికి జ్ఞానులు అంత దూరం నుంచి నడిచి ఎట్లా వస్తారు మమ్మీ అని అడిగింది, తీసెయ్యలేకపోయా. అయినా 1223లో ఇటలీలో గ్రెచో అనే ఊర్లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి గారు నిజం ఎద్దుని, నిజం గాడిదని, గడ్డి వేసిన తొట్టెని పెట్టి ఈ ఆచారానికి ఊపు తెచ్చారు, చదువురాని జనం కళ్ళతో చూడాలని. మరి మా పిల్లలు చూసే ఊర్లో బస్సులుంటాయి.

ఇక్కడ నర్సుగా ఒక మాట. జనరల్ బజార్‌లో, సిగ్నల్స్ దగ్గర అమ్మే మెరిసే శాంటా టోపీలు, పాట పాడే గ్రీటింగ్ కార్డులు, టీ లైట్లనే చిటికెడంత బ్యాటరీ దీపాలు ఉంటాయి చూడండి, చాలావాటిల్లో గుండ్రటి బటన్ బ్యాటరీ ఉంటది. మూత స్క్రూ లేకుండా ఉత్త గోరుతో వచ్చేస్తది. అది పిల్లలు మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతది, కక్కించాలని చూడొద్దు, అరటిపండు పెడితే జారిపోతదని కూర్చోవద్దు, నేరుగా ఎక్స్‌రే ఉన్న హాస్పిటల్‌కి పరిగెత్తాలి. కేక్‌లో వేసే జీడిపప్పు, బాదం కూడా గొంతుకి అడ్డం పడొచ్చు, చిన్నపిల్లలకి పలుకులుగా పెట్టకుండా పొడి చేసి వెయ్యండి. పండగపూట భయపెడుతున్నా అనుకోకండి, మీ పేపర్లో కేక్ మిక్సింగ్ ఫోటో కింద ఈ రెండు లైన్లు వేసినా చాలు.

కేక్ అంటే గుర్తొచ్చింది, మాకు ఓవెన్ లేదు. పాత ప్రెషర్ కుక్కర్‌లో అడుగున వేలు మందాన ఉప్పు పోసి, గ్యాస్కెట్ తీసేసి, విజిల్ పెట్టకుండా పది నిమిషాలు వేడెక్కించి, స్టాండ్ మీద గిన్నె పెట్టి సన్న మంట మీద ముప్పావుగంట. కిస్‌మిస్, టూటీ ఫ్రూటీ, ఖర్జూరం అన్నీ వారం ముందే ద్రాక్షరసంలో నానేసి ఫ్రిజ్‌లో పెడతా, రమ్ము వెయ్యం, వేస్తే బాగుంటదని మా ఆయన ఏటా అంటాడు, అత్తమ్మ ఏటా ఒకటే చూపు చూస్తది. అడుగు కొంచెం మాడుతది, ఆ మాడినదే అందరికీ కావాలి. గరిజెలు, అరిసెలు అత్తమ్మ డిపార్ట్‌మెంట్. మధ్యాహ్నం బగారా అన్నం, మటన్, ఇంక ఆ పూట ఎవరూ లేవరు. ముందే పక్క ఫ్లాట్లకి ప్లేట్లు పోతాయి, అవి ఎప్పుడూ ఖాళీగా తిరిగి రావు, సంక్రాంతికి సకినాలతోనో, రంజాన్‌కి షీర్ ఖుర్మాతోనో వస్తాయి.

సాయంత్రం బైబిల్ కథ పాపకి మా ఆయన చెప్తాడు. జ్ఞానులు ముగ్గురని కథల్లో అంటాం గానీ సువార్త రాసిన మత్తయి ఎంతమందో రాయలేదు, బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురయ్యారు. సాంబ్రాణి అనగానే పాప మా తమ్ముడికి స్నానం అయ్యాక వేస్తారే అదేనా అంది. అలాంటిదే మరి. పిల్లాడికి తల తుడిచి, బుట్ట బోర్లించి, నిప్పుల మీద చిటికెడు వేసి పొగ పట్టే సాంబ్రాణి లాంటిదే ఆ కానుక అని తెలిశాక ఆ జ్ఞానులు పాపకి మా వీధి వాళ్ళలాగా అనిపించారేమో, ఎక్కడ కూర్చున్నారు, టీ తాగారా అని ఒకటే ప్రశ్నలు. ఇంకోటి కూడా మత్తయి రాశాడు, వాళ్ళు వచ్చింది ఇంటికి. తొట్టె దగ్గరికి వచ్చిన గొర్రెలకాపరుల కథ లూకా సువార్తది, జ్ఞానులు మాత్రం ఇంట్లోకొచ్చి తల్లిని, బిడ్డని చూశారు.

మరి మా ఇంటికొచ్చే వాళ్ళ సంగతి, అంటే క్యారల్స్. చూడండి, నాకు క్యారల్ రౌండ్స్ అంటే ప్రాణం, పెళ్ళికి ముందు మా సంఘం యూత్‌తో డీసీఎం వ్యాన్‌లో నిలబడి గొంతు బొంగురుపోయేదాకా పాడినదాన్ని. వ్యాన్ ముందు పెద్ద స్టార్, గిటారు, డోలక్, ప్రతి ఇంట్లో టీ, పాస్టర్ గారి ప్రార్థన. కానీ రూట్ వేసేది యూత్ వాళ్ళు, వాళ్ళకి పెళ్ళిళ్ళు కాలేదు, పిల్లలు లేరు. పోయిన ఏడాది మా ఇంటికి వచ్చేసరికి రాత్రి రెండు. గంట సేపు జోకొడితే అప్పుడే నిద్రపోయాడు పిల్లాడు, గేటు దగ్గర డ్రమ్ము మోగింది, స్పీకర్ బాక్సు కూడా ఉంది, బాబు ఉలిక్కిపడి లేచాడు, పాప నిద్రమత్తులో బయటికొచ్చి ప్లాస్టిక్ మాస్కు వేసుకున్న శాంటాని చూసి కెవ్వుమంది. శాంటా పాపం చాక్లెట్ పట్టుకుని వెంట పడ్డాడు, ఇంకా ఏడ్చింది.

యూత్ తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నేను చెప్పేది ఒకటే. రూట్ వేసేముందు పసిపిల్లలున్న ఇళ్ళు, ముసలివాళ్ళున్న ఇళ్ళు ఏవో రాసుకుని వాటికి ఎనిమిది తొమ్మిదిలోపు రండి, బ్యాచిలర్స్ రూములు, యూత్ ఇళ్ళు రాత్రికి పెట్టుకోండి, వాళ్ళు ఎట్లాగూ మేలుకునే ఉంటారు. దారి చుట్టు తిరుగుడు అవుతది, డీజిల్ ఎక్కువవుతది, తెలుసు, కానుకలో ఒక వంద ఎక్కువ వేస్తాం. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వద్దని 2000 నుంచీ రూల్ ఉంది, పండగలకి ప్రభుత్వం పన్నెండు దాకా సడలించొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకి మించకుండా. మిగతా పండగల వాళ్ళు పాటించట్లేదు కదా అని మనం కూడా మానేస్తే ఎట్లా, పది తర్వాత బాక్సు ఆపేసి ఉత్త గొంతులతో పాడండి, నన్నడిగితే అదే ఎక్కువ బాగుంటది. శాంటా మాస్కు తీసేసి ఉత్త గడ్డం పెట్టుకుంటే చాలు.

పాస్టర్ గార్లకి కూడా ఒక రిక్వెస్ట్. సికింద్రాబాద్ పాత చర్చిల్లో తెలుగు, ఇంగ్లీష్, తమిళం ఆరాధనలు వేర్వేరు టైములకి పెడతారు, భాషకో టైమ్ పెట్టగలిగినప్పుడు పిల్లల తల్లులకి 24న సాయంత్రం ఆరింటికి గంటసేపు ఒక ఆరాధన పెట్టలేమా? పిల్లలు ఏడ్చినా, లేచి తిరిగినా ఎవరూ వెనక్కి తిరిగి చూడని ఆరాధన. అర్ధరాత్రి ఆరాధన తీసెయ్యమనట్లేదు, అది ఓపికున్నవాళ్ళకి ఉండనివ్వండి. మా పాస్టర్ గారిని అడిగితే కమిటీలో పెడతా అన్నారు. కమిటీ అంటే మీకు తెలిసిందే, అందుకే పేపర్లో పడితే కొంచెం తొందరగా కదులుతదని ఆశ.

ఈసారి క్యారల్స్ వాళ్ళకి మా ఇంట్లో అల్లం టీ రెడీగా ఉంటది. తొమ్మిదిలోపు వస్తే గరిజెలు కూడా ఉంటాయి, దాటి వస్తే మా ఆయన తినేసి ఉంటాడు, నా పూచీ లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అల్వాల్, హైదరాబాద్