కాలేజీ డేటాబేస్‌లో మన పత్రికలేవి?

సంపాదకుల వారికి,

మన విశాఖ నగరంలో డిగ్రీ, పీజీ ప్రాజెక్టు రిపోర్టుల ఆఖరి పేజీ తిప్పితే తరచూ నాలుగు గూగుల్ లింకులు, ఒక వికీపీడియా వ్యాసమే కనిపిస్తాయి. యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఎన్-లిస్ట్‌లో (కాలేజీలకు ఆన్‌లైన్ జర్నళ్లు, పుస్తకాలు అందించే పథకం) కాలేజీ చేరితే విద్యార్థులకు విడివిడిగా యూజర్ ఐడీలు వస్తాయి, జర్నళ్లు ఇంటి దగ్గరే చదువుకోవచ్చు. కొన్ని చోట్ల ఆ ఐడీలు కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు తప్ప బయటికి రావు. దినపత్రికలు, వారపత్రికలు కావాలంటే ఎబ్స్‌కో, ప్రోక్వెస్ట్ లాంటి చందా డేటాబేస్‌లు కొన్న లైబ్రరీకి వెళ్లాల్సిందే.

అవి అందుబాటులో ఉన్నా వెతకడం ఎవరూ నేర్పడం లేదు. మన నగరంలోని ఆర్.ఆర్. వెంకటాపురం గ్యాస్ లీకేజీనే తీసుకుందాం. ప్రశ్న మొత్తం వాక్యంగా టైప్ చేస్తే లాభం లేదు. ఇంగ్లిషులో 'styrene AND (Visakhapatnam OR Vizag)' అని కొట్టాలి; స్టైరీన్ అంటే అప్పుడు లీకైన రసాయనం. బ్రాకెట్లు మరిస్తే వైజాగ్ పేరున్న ప్రతి వార్తా, పీఎం పాలెం స్టేడియం స్కోర్లతో సహా, వచ్చి పడుతుంది. రెండు మాటల పేరైతే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. పక్కన 'పీర్ రివ్యూడ్' (నిపుణులు పరిశీలించిన పరిశోధన వ్యాసాలు మాత్రమే) గడిలో టిక్కు ఉందంటే దినపత్రిక ఒక్కటీ కనబడదు. ఏమీ లేదనుకుని చాలామంది లేచిపోయేది ఇక్కడే. తేదీ దగ్గరా ఇదే తంటా. లీకేజీ 2020 మే 7 తెల్లవారుజామున జరిగింది, అచ్చు పత్రికలో వార్త వచ్చింది 8న. 7కే పరిమితం చేస్తే అచ్చు కథనాలు జారిపోతాయి. బ్రిటిష్ కాలపు సంగతులకైతే ఊరి పేరే మార్చి 'విజగపటం', 'వాల్తేరు' అని వెతకాలి. దొరికాక బ్రౌజర్ పైనున్న అడ్రసు దాచుకుంటే సెషన్ ముగియగానే అది పనిచేయకపోవచ్చు. డేటాబేస్ ఇచ్చే పర్మాలింక్ (మారని శాశ్వత లింకు) తీసుకోవాలి, పత్రిక పేరు, తేదీ, పేజీ కూడా రాసుకోవాలి. వార్త పాఠం మాత్రమే ఇచ్చే డేటాబేస్‌లలో ఫొటోలు, ప్రకటనలు సాధారణంగా ఉండవని కూడా చెప్పాలి.

ఇంత నేర్పినా తెలుగు పత్రికల దగ్గరికొచ్చేసరికి దారి మూసుకుపోతుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మంచిదే: మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. కానీ అది ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధన జర్నళ్ల కోసం. 1966 నవంబరు 1న ఉక్కు ఉద్యమంపై జరిగిన కాల్పుల గురించి మర్నాడు తెలుగు పత్రికలు ఏం రాశాయో అందులో దొరకదు. స్కాన్ చేసిన పాత సంచికలు నెట్‌లో ఉన్నా ఎక్కువగా పేజీల ఫొటోలే, మాట కొడితే పలకవు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర ప్రమాణం) రాకముందు మన పత్రికల సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడాయి. తెర మీద తెలుగే కానీ లోపల ఇంగ్లిషు అక్షరాల గజిబిజి, సెర్చికి అందదు. 1974లో ఈనాడు పుట్టిన ఊరికి ఈ గతి పట్టకూడదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ)లోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం కలిసి జిల్లా పేజీలకు విషయసూచిక మొదలుపెట్టాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ఒక్కో వార్తకు శీర్షిక, పత్రిక, ఎడిషన్, తేదీ, పేజీ, మూడు నాలుగు విషయ పదాలు యూనికోడ్‌లో ఎక్సెల్ షీటుకెక్కిస్తే చాలు. లైబ్రరీ సైన్స్ విద్యార్థులకు అదే ప్రాక్టికల్ అవుతుంది. ఎడిషన్ గడి ఖాళీగా వదలకూడదు, ఒకే వార్త విశాఖలో ఒక పేజీలో, విజయనగరంలో మరో పేజీలో వస్తుంది. విశాఖ, విశాఖపట్టణం, వైజాగ్; ఉక్కు కర్మాగారం, స్టీల్‌ప్లాంట్, ఆర్ఐఎన్ఎల్: ఏది కొట్టినా ఒకే చోటికి చేర్చే పదాల పట్టిక మాత్రం తొలి ఎంట్రీకి ముందే సిద్ధం కావాలి. తర్వాత సరిదిద్దుదామంటే వేల వరుసలు తిరగరాయాలి.

– ఒక లైబ్రేరియన్, మద్దిలపాలెం, విశాఖపట్నం