ఒరేయ్ సూరీ, హాస్టల్లో మనకి తేలని ఆ పది దెబ్బల తాళం లెక్క తేలిందిరా!

విశాఖపట్నం
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్లయింది. జవాబు రాయనందుకు లోలోపల తిట్టుకునే ఉంటావు, ఏమనుకోకురా. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాస్త నెమ్మదించాయి. చిన్నదాని పరీక్షలు అయిపోయాయి. నాకు ఈ ఏడాది కూడా బదిలీ లేదు. అంతే. ఇక ఆగలేను, అసలు సంగతికి వస్తున్నా.

మా బావగారు చికాగో నుంచి వచ్చేస్తూ తన ఎల్పీ రికార్డులన్నీ మూటగట్టుకుని తెచ్చుకున్నారు. నిన్న వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. భోజనాలయ్యాక ఊరికే ఆ అట్టపెట్టె తిరగేస్తున్నా. ఏం కనిపించిందో చెప్పు! 'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్'. జాన్ మెక్‌లాఫ్లిన్ కట్టిన జాజ్-రాక్ బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రా మొదటి రికార్డు, 1971, కొలంబియా వాళ్లది. మన హాస్టల్ క్యాసెట్టు! నువ్వు బకెట్టు మీద వాయిస్తూ విన్న క్యాసెట్టు! దాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బావగారు నా మొహం చూసి ఇంకేం అడక్కుండా ప్లేయర్ మూత తీశారు.

ఆ క్యాసెట్టులో మనం విన్నది పైపైన పొర మాత్రమేరా. డ్రమ్సు, గిటారు తప్ప మిగతావన్నీ ఒకే ముద్దలా ఉండేవి కదా. ఇప్పుడు ఐదుగురూ ఐదు చోట్ల నిలబడి వినిపిస్తున్నారు. 'మీటింగ్ ఆఫ్ ది స్పిరిట్స్' మొదట్లో ఆ పెద్ద పెద్ద కార్డులు, అదే ఒక్కసారిగా మోగే స్వరాల గుత్తులు, పడతాయే, ఒక్కొక్కటి మోగి ఆరిపోయేదాకా ఆగి మరీ ఇంకోటి వేస్తారు, అక్కడే నాకు మెడ వెనక వెంట్రుకలు లేచాయి. రిక్ లైర్డ్ బేసు గిటారు ఇన్నేళ్లూ నాకు వినిపించనే లేదు. మిగతా నలుగురూ ఆకాశంలో ఎగురుతుంటే ఆ మనిషి కింద నేల వదలకుండా, అక్కర్లేని స్వరం ఒక్కటి వేయకుండా కూర్చుంటాడు. ఆయన లేకపోతే ఆ రికార్డు నిలబడదు. ఈ మాట ఎవరూ చెప్పరెందుకో.

ఇప్పుడు చెబుతున్నా విను. రెండో వైపు తిప్పారు. 'వైటల్ ట్రాన్స్‌ఫర్మేషన్' తొమ్మిది దెబ్బల తాళంలో నడుస్తుంది, అది నీకు తెలుసు, తకదిమి తక తకిట అనుకుంటూ కూర్చుంటే దారి తప్పకుండా వెళ్లిపోవచ్చు. మొదటి వైపున ఉన్న 'డాన్' కూడా అంతే, ఏడు, మన కర్ణాటక తాళం మిశ్రచాపుకి చుట్టమే. ఆ తర్వాతది 'డాన్స్ ఆఫ్ మాయ'. నువ్వు బకెట్టు మీద వాయిస్తూ వాయిస్తూ ప్రతిసారీ ఆగిపోయేవాడివి చూడు, అదే. నువ్వు ఆగగానే అవతలి గదిలోంచి "సమం ఎక్కడయ్యా?" అని, అంటే తాళం మొదటి దెబ్బ ఎక్కడా అని, కేక వచ్చేది, గుర్తుందా?

మొదట గిటారు ఒక్కటే. మెల్లగా, ఒక్కో తీగే మీటుతూ, ఒకదాని పక్కన ఒకటి కుదురుగా కూర్చోవడం ఇష్టంలేని స్వరాలు. లోపలి విరుపులు నువ్వు ఎలా కట్టుకున్నా మొత్తం పదికి తిరిగొస్తుంది. తర్వాత డ్రమ్సు వచ్చి దాన్నే పెద్దది చేస్తాయి. ఇక్కడిదాకా నీకు ఇబ్బంది లేదు. ఉన్నట్టుండి అదంతా పోయి బ్లూస్, అదే అమెరికా నల్లవాళ్ల పాత పాటల తీరు, ఆ నడక మొదలవుతుంది. అచ్చం మామూలు బ్లూస్ లాగే, ఊగుతూ, కాలు దానంతటది కదిలేలా. కాలు కదుపుతావు. రెండు మూడు చుట్లు తిరిగేసరికి నీ కాలు ఒక చోట, పాట ఇంకో చోట. నువ్వు బకెట్టు కింద పెట్టేసేది ఇక్కడే!

అది ఇరవై రా సూరీ. ఇరవై. పదికి రెట్టింపు. మనం దాన్ని వేరే పాట అనుకుని వేరే లెక్క కోసం వెతికాం. వేళ్లు ముడుచుకుంటూ మెల్లగా లెక్కపెట్టాను, మా ఆవిడ వింతగా చూస్తోంది, నేను ఆపలేదు. చివర్లో ఏం చేస్తారంటే, ఆ బ్లూస్ నడక నడుస్తూ ఉండగానే మొదటి వరస వచ్చి దాని మీద కూర్చుంటుంది. పది రెండుసార్లు తిరిగేసరికి ఇరవై ఒకసారి పూర్తవుతుంది, రెండూ ఒకే చోట కలుస్తాయి. ఏడు నిమిషాల పైచిలుకు పాటలో ఈ రెండిటికీ సంబంధం లేదనిపించి, ఆఖర్న రెండూ ఒకే ఇంటి బిడ్డలని చూపిస్తారు. కింద డ్రమ్సు మీద బిల్లీ కాబమ్ రెండిటికీ కలిపి వాయిస్తున్నాడు, దేన్నీ వదలకుండా. నాకు కళ్లనీళ్లొచ్చాయిరా. నువ్వు పక్కన లేవే అని ఎంత బాధేసిందో. నువ్వుంటే ఆ సమం పడ్డప్పుడు నా వీపు మీద ఒక్కటి చరిచేవాడివి.

ఇంతకీ ఆ ఐదుగురూ ఎక్కడెక్కడి నుంచి వచ్చారో చూడు. గిటారు జాన్ మెక్‌లాఫ్లిన్ ఇంగ్లండులో యార్క్‌షైర్ వాడు, అప్పటికే న్యూయార్కు వచ్చి జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డు 'బిచెస్ బ్రూ' లో వాయించాడు. కాబమ్ పుట్టింది పనామాలో. కీబోర్డు యాన్ హామర్ ది ప్రాగ్, 1968లో సోవియట్ ట్యాంకులు దిగాక అమెరికా చేరాడు. వయొలిన్ జెర్రీ గుడ్‌మన్ చికాగో, లైర్డ్ డబ్లిన్. వీళ్లందరికీ చిన్నప్పటి పాట ఒకటి కాదు, తాళం ఒకటి కాదు. అయినా గిటారు, వయొలిన్ కలిసి ఆ వేగంలో ఒకే వరస వాయిస్తుంటే మధ్యలో వెంట్రుక దూరే సందు ఉండదు. వేగం కోసమే ఈ రికార్డు వింటారు చాలామంది. నాకు మాత్రం వేగం కన్నా వాళ్లు ఒకళ్లనొకళ్లు వినడమే గొప్పగా తోస్తుంది. 'యూ నో యూ నో' విను మళ్లీ. ఒక్క చిన్న వరస, మెల్లగా, తిరిగి తిరిగి అదే. మధ్యలో ఖాళీలు వదులుతారు. కాబమ్ ఆ ఖాళీల్లో మాట్లాడతాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఇంగ్లండు బృందం మాసివ్ అటాక్ వాళ్లు 'వన్ లవ్' పాట కోసం ఆ వరసనే తీసుకున్నారంటే ఊరికే కాదు. 'ఎ లోటస్ ఆన్ ఐరిష్ స్ట్రీమ్స్' లో అయితే డ్రమ్సే ఉండవు, కరెంటు గిటారూ ఉండదు. మామూలు గిటారు, పియానో, వయొలిన్. అంత హోరు విన్నాక ఆ నిశ్శబ్దంలో నాకు గుండె చెరువైపోయింది. చివరి పాట 'అవేకెనింగ్' మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు, పరుగు ఎక్కువ, పాట తక్కువ. నువ్వు ఒప్పుకోవని తెలుసు, కొట్లాటకి నేను సిద్ధం.

ఇంకోటి. మహావిష్ణు అన్న పేరు మెక్‌లాఫ్లిన్ కి ఆయన గురువు శ్రీ చిన్మయ్ పెట్టింది అని మనకి తెలుసు కానీ, ఆ తర్వాత సంగతి చూడు. పేరుతో ఊరుకోలేదు. అమెరికాలోనే వెస్లియన్ యూనివర్సిటీలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. ఈ మొదటి జట్టు 1973 చివర్లో విడిపోయింది. ఆపైన ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటంతో 'శక్తి' కట్టాడు. అందులో గమకాల కోసం గిటారు మెట్ల మధ్య కర్రని వీణలాగా గుంటలు తీయించుకున్నాడు! పట్టు అంటే అది. చాలా ఏళ్లకి 'రిమెంబర్ శక్తి' అని మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆయన పక్కన కూర్చుని వాయించిందెవరు? మన పాలకొల్లు కుర్రాడు, మాండొలిన్ శ్రీనివాస్. మీ మావయ్యగారి ఊరి వాడు! వాళ్లిద్దరూ ఒకళ్ల వరస ఒకళ్లు అందుకుంటూ నవ్వుకునే వీడియో ఉంది, చూసే ఉంటావు. 1971 నాటి ఆ గిటారు, వయొలిన్ జమిలి పరుగు విన్న చెవితో అది చూడు ఒకసారి. శ్రీనివాస్ 2014లో, నలభై అయిదేళ్లకే పోవడం తలుచుకుంటే... సరే, అది ఇప్పుడు వద్దు. ఇంత సంతోషంగా రాస్తున్నా.

బావగారు మళ్లీ శనివారం రమ్మన్నారు. వాళ్ల రెండో రికార్డు 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' కూడా ఉందట ఆ పెట్టెలో. నువ్వు బెంగళూరు నుంచి శుక్రవారం రాత్రి బండి ఎక్కెయ్. సెలవు దొరకదని వంకలు చెప్పకు. చెల్లెమ్మతో నేను మాట్లాడతా. మృదంగం మోసుకురానక్కర్లేదు, బకెట్టు ఇక్కడ నేను చూస్తా. ఈలోపు నువ్వు 'డాన్స్ ఆఫ్ మాయ' ఒకసారి పెట్టుకుని, బ్లూస్ మొదలైన చోటి నుంచి ఇరవై లెక్కపెట్టి, ఎక్కడ కలుస్తుందో నాకు

ఒరేయ్, కరెంటు పోయింది, ఫోన్ వెలుతురులో రాస్తున్నా, అదీ అయిపోవచ్చింది. పొద్దున్నే పోస్టులో వేసేస్తా. శుక్రవారం రాత్రి, మర్చిపోకు.

నీ
రాముడు