శనివారం ఆ మోత ఏంటని అడిగిన పేరెంట్స్‌కి

అందరికీ నమస్కారం.

శనివారం మధ్యాహ్నం మన స్కూల్లోంచి వచ్చిన గోల గురించి మీ వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడుస్తోందో నా దాకా వచ్చింది, "ఫీజులు కట్టేది డబ్బాలు కొట్టించడానికా" అని ఒకరు రాశారట. అవునండీ, డబ్బాలే కొట్టించాం, ఐదో తరగతికి ధ్వని పాఠం అది.

ఆరు సోడా సీసాల్లో తలా ఒక మట్టానికి నీళ్లు పోసి చెంచాతో కొడితే నీళ్లెక్కువున్న సీసా బొంగురుగా మోగింది. అవే సీసాల మూతి మీద ఊదితే మొత్తం రివర్స్, నీళ్లెక్కువున్నదే సన్నగా కూసింది. ఎందుకో చెప్పబోయి నేనే తడబడ్డా, ఈలోపు ఎప్పుడూ నోరు విప్పని చివరి బెంచీ పాప లేచి "కొడితే ఊగేది సీసా సార్, నీళ్ల బరువుకి నెమ్మదిగా ఊగుద్ది, ఊదితే ఊగేది లోపలి గాలి, అది కొంచెమే ఉంది కదా, గబగబా ఊగుద్ది" అంది. స్టాఫ్ రూంలో అందరికీ రెండేసి సార్లు చెప్పేశా, ఇప్పుడు మీ వంతు. ఇంకో బాబు బొప్పాయి కాడతో బూర చేసి ఊదుతూ, కాస్త కాస్త కోసుకుంటూ పోయాడు, కాడ పొట్టయ్యేకొద్దీ శ్రుతి పెరిగింది. తాతయ్య నేర్పారట, ఆయనకి నా దండాలు.

రబ్బరు బ్యాండు ఉత్తగా లాగి మీటితే వినీ వినపడదు, ఖాళీ స్వీటు డబ్బా మీద బిగిస్తే గదంతా వినిపిస్తుంది. బొబ్బిలిలో ఒంటి పనస దుంగని తొలిచి వీణ కుండ చేసేది, 2022లో పద్మశ్రీ అందుకున్న మొగిలయ్య గారి 12 మెట్ల కిన్నెరకి సొరకాయ బుర్రలు కట్టేది ఇందుకేరా అని ఆ డబ్బా చేతిలో ఉన్నప్పుడు చెప్పాలి, బోర్డు మీద బొమ్మేసి చెప్తే పరీక్ష అయ్యాక ఒక్కడికీ గుర్తుండదు, నా ఇరవయ్యేళ్ల సర్వీసులో చూసిందిదే.

ఇంట్లో పారేసే వస్తువులు పంపమని వారం ముందే డైరీలో రాయించాం. మీరంతా బిజీ, తెలుసు. అయినా తొమ్మిది మంది ఆన్‌లైన్‌లో కొన్న కిట్లతో వచ్చారు, ఇద్దరి గిటార్లయితే నాన్నగారు అర్ధరాత్రి దాకా కూర్చుని చేసినట్టున్నాయి, చాలా బావున్నాయి, మార్కులు ఆయనకే వేద్దామనుకున్నాం.

ఎఫ్‌ఏ-2 మార్కులు వచ్చే వారం, సంతకం దయచేసి మీరే పెట్టండి. మూడో రూటు బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందే వస్తుంది.

వచ్చే శనివారం అగ్గిపెట్టె ఫోన్లు, రెండు ఖాళీ పెట్టెలు, పదడుగుల దారం చాలు. బొప్పాయి కాడలు మాత్రం ఇంటి నుంచే పంపండి, స్కూలు వెనక చెట్టుకి ఐదాకులే మిగిలాయి.

మీ హెడ్‌మాస్టర్