ఇంటిపేరు ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

ఇంటిపేరు, కులం కలిస్తే అందరిదీ ఒకే వంశమని చెప్పుకోవడం ఈమధ్య బాగా ఎక్కువైంది. కొండవీటి, వేమూరి, చెరుకూరి వంటివి ఊరి పేర్లు. ఆ ఊరు విడిచి వెళ్లిన వేర్వేరు కుటుంబాలకు అదే ఇంటిపేరు స్థిరపడిపోయి ఉండవచ్చు. గోత్రం కూడా కలిసిందా అని కనీసం అడగాలి కదా!

మావాళ్ల జాడ నాకు దొరికింది తాతగారి ట్రంకుపెట్టెలోని 1938 నాటి క్రయ దస్తావేజులో. అమ్మినవారి, కొన్నవారి తండ్రుల పేర్లు, కులం, వృత్తి, కాపురం ఉన్న ఊరు, పొలం నాలుగు హద్దులు అన్నీ అందులో ఉన్నాయి. తూర్పు హద్దు పొలం మా ముత్తాతగారి అన్నగారిదట! ఆయన ఒకరున్నారనే మాకెవరికీ తెలియదు. మా నాయనమ్మ మాత్రం అందులో ‘ఫలానావారి భార్య’, అంతే. ఆవిడ పుట్టింటివారి ఇంటిపేరు మేనత్త చెబితేనే తెలిసింది.

వంశవృక్షం రాసేవారు ఆడపడుచుల పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ రాయండి. ఊరి భూముల లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఆనాటి లెక్కల పుస్తకాలు ఎవరి ఇళ్లలోనైనా మిగిలి ఉంటే, చెదలు పట్టకముందే ప్రభుత్వం సేకరించి భద్రపరచాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి