‘నెగెటివ్’ పక్కన క్లోన్ పేరు కూడా రాయాలి

సంపాదక మహాశయులకు,

రక్త క్యాన్సర్ అనుమానంతో ఫ్లో సైటోమెట్రీ పరీక్ష చేయించుకున్నవారి నివేదికల్లో సీడీ3, సీడీ19, సీడీ20 వంటి, తెల్లరక్తకణాల మీది ప్రొటీన్ల పేర్లు వరుసగా ఉండి, వాటి ఎదుట పాజిటివ్ అనో నెగెటివ్ అనో రాసి ఉంటుంది. చాలా ఏళ్లుగా ఈ పరీక్షలు చేస్తున్నవాడిగా ఆ ‘నెగెటివ్’ అన్న మాట గురించి ఒక విన్నపం చేయదలచాను.

తెల్లరక్తకణం మీది ప్రొటీన్‌ను మేము నేరుగా చూడము. దానికి అతుక్కునే యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి, లేజర్ కాంతి పడినప్పుడు వచ్చే మెరుపును కొలుస్తాము. ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా తయారుచేసే మార్గాన్ని 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ వెల్లడించిన తర్వాత, ప్రయోగశాలలు ఎవరికి తోచిన పేర్లు వారు పెట్టుకుంటూ పోవడంతో, 1982లో పారిస్‌లో నిపుణులు కూర్చుని, ఒకే ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీలన్నిటినీ ఒక సీడీ సంఖ్య కిందికి చేర్చడం మొదలుపెట్టారు. గందరగోళం తీరింది కానీ, సంఖ్య ఒకటే అయినా ఒక్కో క్లోన్ (అంటే ఒకే కణం సంతతి తయారుచేసే ఒకే రకం యాంటీబాడీ) ఆ ప్రొటీన్‌ను ఒక్కో చోట పట్టుకుంటుందన్న సంగతి నివేదికల్లో మరుగున పడింది.

ఓకేటీ4 అనే క్లోన్ సంగతే చూడండి. కొందరిలో, ముఖ్యంగా ఆఫ్రికా మూలాలున్న కొందరిలో, సీడీ4 ప్రొటీన్‌కు పుట్టుకతో ఉన్న చిన్న తేడా వల్ల ఆ క్లోన్ దానికి అతుక్కోదు. ఆ క్లోన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, సీడీ4 ఉండే తెల్లరక్తకణాలైన సహాయక టీ కణాలు లేనే లేవనిపిస్తుంది. మరో క్లోన్‌తో చూస్తే అవి నిక్షేపంగా కనిపిస్తాయి. ఘనపు మిల్లీమీటరు రక్తంలో సీడీ4 కణాలు 200 కంటే తగ్గితే హెచ్‌ఐవీ వ్యాధి ముదిరిందని లెక్కగట్టే చోట ఇది చిన్న పొరపాటు కాదు.

మాకు తరచుగా ఎదురయ్యే చిక్కు మాత్రం సీడీ20తో. రిటుక్సిమాబ్ అనే మందు కూడా సీడీ20ని పట్టే యాంటీబాడీయే. లింఫోమా అనే రక్తకణాల క్యాన్సర్‌కు ఆ ఇంజెక్షన్ తీసుకున్న రోగి రక్తంలో మందు ముందే ఆ చోటును ఆక్రమించి ఉంటే, మా యాంటీబాడీకి అతుక్కునే వీలుండదు; కణం నిజంగానే ఆ ప్రొటీన్‌ను వదిలేసినా ఫలితం అలాగే కనిపిస్తుంది. ఈ రెంటికీ చికిత్స పరంగా చాలా తేడా ఉంది. ఒకసారి మాకు వచ్చిన పరీక్ష పత్రంలో పేరు, వయసు తప్ప మరేమీ లేవు. అనుమానం వచ్చి రోగి ఇంటికి ఫోన్ చేస్తే, ఆయనకు అంతకు మూడు వారాల ముందే రిటుక్సిమాబ్ ఎక్కించారని తేలింది. అప్పుడు బీ కణాలను (సీడీ20 ఉండే తెల్లరక్తకణాలు ఇవే) వాటి మీదే ఉండే సీడీ19తో గుర్తించి, సీడీ20 గురించి వేరుగా వ్యాఖ్య రాసి పంపాము. కణజాలపు ముక్క దొరికే సందర్భాల్లో, ఆ ప్రొటీన్‌లో కణం లోపల ఉండే భాగాన్ని పట్టే ఎల్26 క్లోన్‌తో చూడవచ్చు. మందు దానికి అడ్డురాదు.

కాబట్టి ప్రతి నివేదికలో సీడీ సంఖ్యతో పాటు వాడిన క్లోన్ పేరు, రంగు పేరు ముద్రించాలని, నమూనా పంపే వైద్యులు రోగికి అంతకుముందు ఇచ్చిన యాంటీబాడీ మందులను, ఇచ్చిన తేదీలతో సహా, పరీక్ష పత్రంలో తప్పక రాయాలని కోరుతున్నాను. ఇందుకు కొత్త యంత్రం అక్కరలేదు. పత్రంలో రెండు గడులు పెంచితే చాలు.

భవదీయుడు,
ఒక ప్రయోగశాల సాంకేతిక నిపుణుడు,
హైదరాబాద్